మెట్టతామర

డ్రమ్ము తిరగడం ఆగీ ఆగకముందే తలుపు లాగి, రెండు చేతులూ మోచేతుల దాకా లోపలికి జొనిపి, పెనవేసుకుపోయిన దుప్పట్లను విడదీస్తోంది ఆకుల పిన్ని. పొడిగా ఉన్నప్పుడు పసిపిల్లలా చంకనెక్కే దుప్పటి, తడిశాక తాగొచ్చిన మనిషిలా మీద పడుతుంది. దాన్ని ఒక్క ఊపున లాగకూడదు. తుంటిని డ్రమ్ము అంచుకు ఆనించి, కొసను వెతికి, కొంచెం కొంచెంగా బుజ్జగిస్తూ బయటికి తేవాలి. తెచ్చేటప్పుడు నీళ్ళు భుజం మీంచి ఏప్రన్ మీదికి, ఏప్రన్ మీంచి బూట్లలోకి కారతాయి.

ఆ ఏప్రన్ పైన రబ్బరు, లోపల గుడ్డ. రబ్బరు తడిని బయటికి పోనివ్వదు, గుడ్డ దాన్ని వదలదు. ఆ రెండింటి కింద మనిషి నడుము పొద్దుటి ఈల నుంచి సాయంత్రం ఈల దాకా నానుతూ ఉంటుంది. అలా నానిన ఒంటి మీద తామర రావడంలో వింతేముంది? నడుం చుట్టూ వస్తుంది, కాలివేళ్ళ సందుల్లో వస్తుంది, చంకల్లో వస్తుంది. ఎర్రటి అంచుతో గుండ్రంగా మొదలై, నడుమ తేటబడి, అంచు మాత్రం రోజురోజుకూ అవతలికి జరుగుతూ పోతుంది. దురద సంగతి చెప్పనే అక్కర్లేదు. నలుగురిలో గోక్కోలేక, గోక్కోకుండా ఉండలేక ప్రాణం పోతుంది.

అయినా తామర అనే మాట ఆ లాండ్రీలో ఎవరి నోటా రాదు. అది ఉద్యోగం ఊడే మాట. అందుకని ఆడవాళ్ళు దాన్ని పువ్వు అంటారు. తామర పువ్వే కదా మరి!

"ఏమే, నీకెక్కడ పూసింది?"

"నడుం చుట్టూ దండే కట్టుకుంది పిన్నీ."

సూపర్‌వైజరు పక్కనే నిలబడి విన్నా, వీళ్ళకి పూల పిచ్చేమిటో అనుకుంటూ పోవాల్సిందే. ఆయన్ని వెనకాల అందరూ ఈలబాబు అంటారు. పనికి ఈల, అన్నానికి ఈల, ఇంటికి ఈల. మెడలో ఈల లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. నిద్రలో కూడా ఊదుతాడేమో, పాపం ఆ ఇల్లాలు ఎలా వేగుతోందో అని నవ్వుకుంటారు.

పిన్నికి ఆకుల పిన్ని అనే పేరు బాయిలరు గది వెనక ఉన్న పొద వల్ల వచ్చింది. బూడిద పోసే చోట మనిషెత్తు పెరిగిన మొక్క. జంటలు జంటలుగా వెడల్పాటి ఆకులు, కొమ్మ చివర కొవ్వొత్తులు నిలబెట్టినట్టు పసుపుపచ్చ పూలు. పిన్ని పుట్టింటి వైపు దాన్ని మెట్టతామర అంటారు. దాని లేతాకులు చిటికెడు ఉప్పేసి నూరి, నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి రాస్తే తామర చాలామందికి తగ్గుముఖం పడుతుంది. కంపెనీ వాళ్ళు చోటు శుభ్రం చేయిస్తున్నామంటూ ఆ పొదను ఎన్నోసార్లు నరికించారు. నరికిన ప్రతిసారీ పిన్ని హడలిపోయేది, ఇది ఎవరు నాటారని నిలదీస్తారేమోనని. హడలిపోతూనే ఒక కొమ్మ తడిగుడ్డలో చుట్టి దాచేది. ఆ గొడవ సద్దుమణగగానే అదే చోట గుచ్చేది.

అసలావిడ తీరే అంత. కొడుకు సిటీ బస్సు నడుపుతాడు. వాడు రావడం కాస్త ఆలస్యమైతే బస్సు బోల్తా పడిందనే అనుకుంటుంది. మబ్బు పడితే ఇంటి రేకులు ఎగిరిపోయాయనే అనుకుంటుంది. ఎవరైనా తలుపు గట్టిగా కొడితే, కబురు మంచిది కాదని ముందే ఏడుపు ముఖం పెట్టుకుని తలుపు తీస్తుంది. కానీ భయపడ్డ మనిషి వెనక్కి తగ్గాలని ఆవిడకి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఎవరైనా మచ్చ చూపిస్తే ఆవిడకి ముందు తోచేది తామర కాదు, కుష్టు. వెంటనే ఆమె ముఖం పాలిపోతుంది. మరిగే నీళ్ళలో ముంచిన పిన్నీసు తీసుకుని, కళ్ళు మూసుకోమంటుంది.

"గుచ్చానా, లేదా?"

"అబ్బా! గుచ్చావు పిన్నీ!"

"అమ్మయ్య. స్పర్శ ఉంది. అయితే పువ్వే."

ఆ "అబ్బా" వినిపించేదాకా ఊపిరి బిగబట్టే ఉంటుంది. తర్వాత ఇక ఆగదు. "అంచు అవతల వేలెడు మేర నుంచి మొదలెట్టి లోపలికి రాయి. అది బతికేది అంచులోనే, నడుమ కాదు. నిమ్మరసం పడ్డ చోట ఎండ తగలనీయకు, కాలి నల్లమచ్చ పడుతుంది. పోయిందనిపించాక కూడా కొన్నాళ్ళు రాస్తూనే ఉండు. తువ్వాలు ఎవరికీ ఇవ్వకు." రసి కారినా, కంటి దగ్గరైనా, పసిపిల్లలకైనా ఆకు ముట్టనివ్వదు. ఆసుపత్రికి పొమ్మంటుంది. ఆ భయం ఊరికే రాలేదు. ఒకసారి ఇస్త్రీ బల్లల దగ్గర పనిచేసే గంజి వదినకి కాలివేళ్ళ సందుల్లో పూసినది ఆకుతో తగ్గకపోగా, పాదం దిండులా ఉబ్బింది. పిన్నే ఆమెను ఆసుపత్రికి లాక్కెళ్ళి, కాలు తీసేస్తారని ఊహించుకుని, బెంచీ మీద కూర్చుని ఆమెకంటే ముందు తనే భోరుమంది. కాలు నిలిచింది. "నా కాలు తీయబోయిందీ నువ్వే, నిలబెట్టిందీ నువ్వే" అని గంజి వదిన ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

ఇవాళ పిన్నికి చెయ్యి ఒక చోట, మనసు ఒక చోట ఉన్నాయి. పొద్దున్న వంటింట్లో కోడలు మెడకి చుట్టుకున్న స్కార్ఫు విప్పి చూపించింది. చెవి కింద మొదలై భుజం దాకా పాకిన ఎర్రటి చుట్టు, దానిలో ఇంకో చుట్టు. ఎవరో చెప్పారని మందుల షాపులో ఏదో క్రీము కొని చాటుగా రాసుకుందట. రెండు రోజుల్లో మాయమైందట, మానేయగానే రెట్టింపై వచ్చిందట. పిన్నీసు గుచ్చి, "అబ్బా" అనిపించుకుని, పిన్ని స్టవ్వు పక్కనే చతికిలబడిపోయింది.

"అత్తయ్యా, ఆయనకి చెప్పకండి."

"చెప్పకపోతే వాడికి అంటదూ? ఒక్క మంచం మీద పడుకుని దాచుకునే రోగమా ఇది?"

"అయితే లాండ్రీలో చెప్పకండి. కొత్తగా చేరాను. పని పోతుంది అత్తయ్యా."

పెళ్ళయి ఇంకా ఏడాది తిరగలేదు. ఇస్త్రీ పనిలో పెట్టించింది పిన్నే. ఆ పిల్లకి ఆ పనంటే ఎంత ఇష్టమో! చొక్కా కాలరు మడత పెట్టి, దూరం నుంచి చూసుకుని, తనలో తనే నవ్వుకుంటుంది. ఇంట్లో దిండు గలీబులకి కూడా మడతలు తీస్తానంటుంది. ఆ పని పోతే ఆ నవ్వూ పోతుంది. అక్కడితో ఆగుతుందా? ఒకసారి అంటురోగమని గెంటేశారని తెలిస్తే ఇంకెవరు రానిస్తారు? వీధిలో ఏమంటారు? ఆ పిల్ల ఏ అఘాయిత్యమైనా చేసుకుంటే? పిన్ని ఆలోచన ఎప్పుడూ అంతే, గుమ్మంలో మొదలైతే శ్మశానం దాకా పోయి గానీ ఆగదు.

అందుకే పొద్దెక్కే వేళ కోడలు గది అవతలి ఇస్త్రీ బల్లల దగ్గర్నుంచి నీళ్ళ కోసం ఇటు వచ్చినప్పుడు, డ్రమ్ము హోరులో చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. "నా పని తెమిలేలా లేదు. నువ్వే వెళ్ళి మెట్టతామర లేతాకులు నాలుగు కోసుకురా. ఎవరి కంటా పడకు. దురదైనా ఆగుతుంది ఈ పూటకి."

"ఎక్కడుంది అత్తయ్యా?"

పిన్ని చేతులు దుప్పటిలో ఉన్నాయి. గడ్డంతో తలుపు వైపు చూపించింది. "అదుగో, అటే."

ఆ పిల్ల తలూపి వెళ్ళింది.

వేళ కాని వేళ ఈల మోగింది.  బాయిలరు పేలిందనుకుంది పిన్ని. మరుక్షణం, కొడుకు బస్సు గురించి కబురొచ్చిందనుకుంది. తిరిగి చూస్తే, తలుపు దగ్గర ఈలబాబు, ఆయన పక్కన తల వంచుకుని కోడలు. ఆ పిల్ల చేతుల్లో అరిటాకుల్లాంటి పెద్ద పెద్ద ఆకులు, వాటితో పాటు తెగిన ఎర్రటి పువ్వు ఒకటి వేలాడుతోంది. ఆఫీసు కిటికీ కింద యజమాని భార్య వరసగా నాటించుకున్న పూలమొక్కల ఆకులవి.

'అయ్యో, ఆ ఆకు కాదే తల్లీ!' అనుకుంది ముందు పిన్ని. కొంప మునిగిందని ఆ తర్వాత తోచింది.

తప్పు ఆ పిల్లది కాదు. వాళ్ళ పుట్టింటి వైపు బాయిలరు వెనక పొదను సీమ అవిసె అంటారు. మెట్టతామర అంటే వాళ్ళకి ఇదే, ఎర్రటి పూలు పూసే ఈ అందాల మొక్కే. ఒకే పేరు, రెండు మొక్కలు. మా అత్తయ్యకి ఎంత ధైర్యమో, ఆఫీసు కిటికీ కిందే కోయమంటోంది అనుకుందట వెర్రితల్లి.

"ఎవరమ్మా కోయమన్నారు నిన్ను?" ఈలబాబు గొంతు పెంచాడు. "పువ్వు కోశావంటే సరదా అనుకుంటాను. ఇన్ని ఆకులెందుకు? ఇంట్లో గేదెను కట్టేశావా ఏమిటి?"

ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. పిల్ల ముఖం కందిపోయింది.

"మందుకండి."

"దేనికి మందు?"

ఆ పిల్లకి పువ్వు సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. చిన్నప్పట్నుంచీ వచ్చిన మాటే చెప్పింది.

"తామరకండి."

ఆ గదిలో ఆ మాట అంత పైకి ఎవరూ అనగా పిన్ని వినలేదు. డ్రమ్ములు తిరుగుతూనే ఉన్నాయి, అయినా ఎవరో అన్నిటినీ మీట నొక్కి ఆపేసినట్టయింది. ఈలబాబు ఒక అడుగు వెనక్కి వేశాడు. పిల్ల చెయ్యి దానంతటదే మెడ మీది స్కార్ఫు మీదికి పోయింది. ఇంకేం దాచాలి? ఆమె పక్క బల్ల దగ్గర పనిచేసే అమ్మాయి మెల్లిగా తన మంచినీళ్ళ సీసాను ఇటు నుంచి తీసి అటు పెట్టుకుంది.

ఆ సీసా జరగడం చూసింది పిన్ని. అంతే, ఎప్పటిదో కళ్ళ ముందుకొచ్చి నిలబడింది. తను అమ్మ వేలు పట్టుకుని నడిచే వయసు. అమ్మ ఒక పెద్దింట్లో వంట చేసేది. ముంజేతి మీద ఇంత చుట్టు వచ్చింది. మొదటి రోజు అమ్మ కంచం కిటికీలోకి మారింది. తర్వాత గ్లాసు మారింది. తర్వాత ఇక రావద్దన్నారు.  అమ్మ చెయ్యి కొంగులో చుట్టుకుని పెరటి గుమ్మం లోంచి బయటికొచ్చి, "ఎవరికీ చెప్పకు" అంది. పిన్ని ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళూ చెప్పలేదు. నలుగురూ కలిసి దానికి పువ్వని పేరు పెట్టుకుని ముద్దు చేసుకున్నారే తప్ప, చెప్పలేదు.

"చూడండమ్మా," ఈలబాబు గొంతు తగ్గించాడు. "నేనేమీ చెడ్డవాణ్ణి కాదు. హోటళ్ళ వాళ్ళ చెవిన పడిందంటే దుప్పట్లు పంపడం మానేస్తారు. అప్పుడు నాకూ లేదు, మీకూ లేదు. ఇంకెవరికైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. లేదంటే ఈ అమ్మాయి ఒక్కతే వెళ్ళిపోతుంది."

చేతులు రెండూ గట్టిగా కట్టుకుని నిలబడ్డాడు. ఎందుకు కట్టుకున్నాడో పిన్నికి తెలుసు. ఒక రోజు చీకటి పడే వేళ ఆయన భార్య ఇంటికొచ్చి, ఇటూ అటూ చూసి, "మా ఆయనకి పిన్నిగారూ... బెల్టు పెట్టుకునే చోట..." అని సిగ్గుపడుతూ ఆకు పట్టుకెళ్ళింది. ఆ మాట ఇప్పుడు నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట చాలు, ఆయన నోరు పడిపోతుంది. పిన్ని దాన్ని మింగేసింది. ఆయన బట్టలిప్పితే తన కోడలికి బట్ట కప్పినట్టవుతుందా?

గది చివర ఈలబాబు కూర్చునే తెల్లటి ప్లాస్టిక్ కుర్చీ ఉంది. దాన్ని ఇంకొకరు ముట్టుకోరు. పిన్ని నడిచి వెళ్ళి దాని వీపు పట్టుకుని లాగింది. తడినేల మీద అది కీచుమంటూ వచ్చింది. ఆడవాళ్ళు పక్కకి తప్పుకున్నారు. సరిగ్గా గది నడుమకి తెచ్చి, దాంట్లో కూలబడింది.

"పిన్నీ, అది నా కుర్చీ."

"తెలుసు బాబూ. నిలబడి బూట్లు విప్పుకోలేను."

ఒక బూటు లాగింది. చెంబెడు నీళ్ళు నేల మీద పారాయి. రెండోది లాగింది. పాదాలు రెండూ ఎత్తి పట్టుకుంది. ఉడికించి తోలు తీసినట్టు తెల్లగా, ముడతలు పడి, వేళ్ళ సందుల్లో ఎర్రగా పచ్చిపుండ్లై ఉన్నాయి. తర్వాత ఏప్రన్ అంచు పక్కకి తొలగించి, నడుం మీద అరచేయంత మేర చూపించింది.   

"నాకుంది బాబూ. పువ్వు కాదు. తామర."

"పిన్నీ, నువ్వు కూడానా..."

"నేను కూడా కాదు. నాతోనే మొదలు. ఇది మురికి మనుషుల రోగం కాదు, తడి మనుషుల రోగం. మమ్మల్ని పొద్దస్తమానం నానబెట్టి, మొలకెందుకొచ్చిందని అడుగుతారేం? మనిషికి రెండు ఏప్రన్లు ఇవ్వండి. ఒకటి తడిస్తే ఒకటి ఆరుతుంది. మీ హోటళ్ళ దుప్పట్లకేమీ కాదు. సలసల కాగే నీళ్ళలో ఉడికి, ఇస్త్రీ కింద కాలి కదా అవి బయటికి పోయేది? ఆ నీళ్ళలో ఏం బతుకుతుంది? అందులో బతకాల్సిన ఖర్మ మాకే పట్టింది."

"నా కాలు కూడా చూస్తావా ఈలబాబూ?" వెనక నుంచి గంజి వదిన కేకేసింది. "దానికి పెద్ద చరిత్రే ఉంది!"

ఆ పేరు ఆయన ముఖం మీద ఎవరూ అనలేదు ఎప్పుడూ. గది గొల్లుమంది. "ఎవరు... ఎవరది?" అన్నాడు ఈలబాబు, చెవులు ఎర్రబడి. నవ్వు ఇంకా ఆరకముందే కోడలు స్కార్ఫు ముడి మీద చెయ్యి వేసింది. వద్దు, వద్దే అని పిన్ని కుర్చీలోంచే తల అడ్డంగా ఊపింది. తను విప్పుకున్నది ఆ పిల్ల విప్పకూడదనే కదా! కానీ ఆ పిల్ల విప్పేసింది. మెడ చాచి నిలబడింది.

"నాకూ తామరేనండి. దాచనండి ఇక."

సీసా జరుపుకున్న అమ్మాయి నేల చూపులు చూసింది.

ఈలబాబు కట్టుకున్న చేతులు విప్పి, మళ్ళీ కట్టుకున్నాడు. "రేపు పైవాళ్ళు అడిగితే నేనేం చెప్పాలి పిన్నీ? ఆకులు తెంపారని అప్పుడే ఫోనొచ్చింది. ఎవరో ఒకరి పేరు చెప్పాలి కదా నేను."

అది బెదిరింపు కాదు. ఆయన కూడా భయపడుతున్నాడు. భయం ఎలా ఉంటుందో పిన్నికి తెలిసినంతగా ఎవరికి తెలుసు?

"నా పేరు చెప్పండి. బాయిలరు వెనక చెట్టు పెట్టింది నేను. ఇన్నాళ్ళూ మందు నూరి పంచింది నేను. ఆకు కోసుకురమ్మన్నది నేను. కోడలికి అంటింది నా తువ్వాలు నుంచే అయ్యుంటుంది. ఇంకేం కావాలి?"

"అయితే... రేపట్నుంచి నువ్వు..."

"రేపటిదాకా ఎందుకు బాబూ? ఇప్పుడే వెళ్తా. కానీ అది ఉంటుంది. సాయంత్రం దాన్ని డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తా. అది ఆకుతో ఆగే తామర కాదు, క్రీములు రాసి రెచ్చగొట్టుకుంది. డాక్టరు పని మానమంటే మానుతుంది. మీరు మానమంటే మానదు."

 గంజి వదినా, ఆమె పక్కన నలుగురూ ఇస్త్రీ పెట్టెలు కింద పెట్టి ఈలబాబునే చూస్తున్నారు. "సరే," అన్నాడు చివరికి, ఎవరి వైపూ చూడకుండా. "డాక్టరు చెప్పినట్టే కానీ."

పిన్ని లేచింది. ఏప్రన్ విప్పి మేకుకు తగిలించింది. గోడ పక్కనున్న చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. కోడలు పరుగున వచ్చింది, కళ్ళనిండా నీళ్ళతో.

"నేనూ వస్తా అత్తయ్యా. మీరు లేని చోట నేనెందుకు?"

"నోర్మూసుకో. నేను వెళ్తే అత్త వెళ్ళిందంటారు. నువ్వూ వచ్చావంటే రోగం వెళ్ళిందంటారు. పో, పోయి ఇస్త్రీ పట్టుకో. మెడ కప్పుకోకు, గాలి తగలనీ." ఒక అడుగు వేసి మళ్ళీ తిరిగింది. "ఇస్త్రీ పెట్టె జాగ్రత్త. ఏడుస్తూ చేశావంటే చెయ్యి కాల్చుకుంటావు. ఆ తీగ తడినేల మీద పడనీకు, షాకు కొడుతుంది. సాయంత్రం రోడ్డు ఒక్కదానివే దాటకు, గేటు దగ్గరికి నేను వస్తా."

"వెళ్ళవమ్మా తల్లీ," అంది గంజి వదిన, కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వు ఇక్కడుంటే అది బతికుండగానే దినం పెట్టేలా ఉన్నావు."

పిన్ని నవ్వలేదు. గేటు దాటింది. గోడ పట్టుకుని కాసేపు నిలబడింది. కొడుకు ఏమంటాడో, ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారో, డాక్టరు కోడలి మెడ చూసి తల అడ్డంగా ఊపుతాడేమో. ఒకదాని వెనక ఒకటి వరస కట్టి వస్తూనే ఉన్నాయి. రానీ అనుకుంది. అన్నిటికీ భయపడింది, ఒక్కదాన్నీ వదలకుండా. భయపడుతూనే బస్టాపు వైపు నడిచింది. నడుం మీద గాలి తగిలి, తడి ఆరుతూ, చల్లగా చురుక్కుమంటోంది.

లోపల డ్రమ్ములు మళ్ళీ నిండాయి. బండ్లు తోసే ఆడవాళ్ళు గది నడుమకి రాగానే కాస్త పక్కకి తిప్పి, చుట్టి పోతున్నారు. ఎవరూ జరపమనలేదు, ఎవరూ జరపలేదు. ఈలబాబు సాయంత్రం దాకా గోడకానుకుని నిలబడ్డాడు. ఇంటి ఈల కూడా నిలబడే ఊదాడు. అందరూ వెళ్ళాక, దీపాలు ఆరిపోయాక కూడా, సీటు గుంటలో గుక్కెడు నీళ్ళతో, ఆ తెల్ల కుర్చీ తలుపు వైపు తిరిగి గది మధ్యలో అలాగే ఉంది.